చిన్ని తిన్న చాక్లెట్

పాలపిట్ట చాక్లెట్‌కి చరిత్ర అంటూ ఏమీ లేదు. ఉన్న కాస్త చరిత్రా మిగిలిపోయిన సరుకుదే. డెబ్బైల చివర్లో ఉయ్యూరు దగ్గర రామకోటేశ్వరరావు అనే చెరుకు రైతుకి, మద్రాసులో మూతబడ్డ ఓ ఫ్యాక్టరీ మిషన్లు వేలంలో తుక్కు కింద దొరికాయి. పంచదార ఊళ్ళోనే ఉంది, పాలు చుట్టుపక్కల ప్రతి గడపలోనూ ఉన్నాయి. బెజవాడ ప్రెస్సులో ఎవరో వద్దన్న నీలం కాగితం కట్టలు పడి ఉంటే అవే రేపర్లయ్యాయి. కాగితం నీలం కాబట్టి పేరు పాలపిట్ట. మొదటి ఏడు రోహిణి కార్తె ఎండకి సరుకంతా కొట్లలోనే పాయసమైపోతే, కోకో తగ్గించి పాలపొడి పెంచి ఎండకి లొంగని బార్ తయారు చేశాడాయన. సినిమా హాళ్ళలో, బస్టాండుల్లో అమ్మించాడు. పిల్లలు మారాం చేశారు, పెద్దలు కొనిపెట్టారు. ఇందులో ఏడవడానికి ఏముంది?

ఏడుపు లేకపోతే సరుకు కదలదని ఈ కాలం వాళ్ళ నమ్మకం. ఆయన మనవడు సాయిగణేష్ లబ్బీపేటలోని యాడ్ ఏజెన్సీకి వచ్చి, అక్కడ ప్రకటనలకి మాటలు రాసే సుస్మిత ఎదురుగా కూర్చుని అదే చెప్పాడు.

"పెద్ద కంపెనీల బార్లన్నిటికీ ఒక స్టోరీ ఉంటదండీ. మనకి చూస్తే మిషన్లు చవగ్గా వచ్చాయన్నదే స్టోరీ. అది రేపర్ మీద వేసుకోలేం కదండీ. జనం మళ్ళీ పాలపిట్ట అడగాలంటే ఏదన్నా ఎమోషన్ ఉండాలండీ."

"నిజంగా జరిగిందే కావాలా?" అని అడిగింది సుస్మిత.

"జరిగినట్టుంటే చాలండీ."

ఒక మంగళవారం మధ్యాహ్నం, రెండు టీలు చల్లారేలోపు ఆమె ఆ కథ రాసేసింది. ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామెకి ఒక్కతే కూతురు, చిన్ని, ఆరేళ్ళది. రోజూ తల్లితో వచ్చి గుమ్మంలో కూర్చునేది. రామకోటేశ్వరరావు గారు ఏ ముక్క తయారు చేసినా ముందు దాని చేతిలో పెట్టేవారు. బాగాలేదని తల అడ్డంగా ఊపేది. ఇంతలో దానికి జబ్బు చేసింది. ఆయన పాలు ఎక్కువ పోసి కొత్త బార్ చేసి, స్వయంగా దాని మంచం దగ్గరికి పట్టుకెళ్ళారు. చిన్ని మొత్తం తినేసి నవ్వింది. మర్నాటికి లేదు. చివర్లో పెద్ద అక్షరాలతో ఒక మాట: "చిన్ని తిన్నది. మరి మీరో?"

సాయిగణేష్ చదివి కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. అబద్ధమని తెలిసినవాడే ఏడిచాడంటే ఇక తెలియనివాళ్ళ సంగతి చెప్పాలా!

అబద్ధమే. అయితే సుస్మిత దాన్ని గాల్లోంచి పుట్టించలేదు. ఆమెకి నిజంగానే ఒక చెల్లెలుండేది. బడిలో శ్రీదుర్గ, ఇంట్లో చిన్ని. ఆరేళ్ళ వయసులో మెదడువాపు వచ్చి, సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రిలో నాలుగు రోజులుంది. సుస్మితకి అప్పుడు పదేళ్ళు. మూడోరోజు సాయంత్రం చిన్ని కళ్ళు తెరిచి పాలపిట్ట కావాలంది. "నేను తెస్తా" అని సుస్మిత మాటిచ్చింది. తల్లి ఛాయాదేవి వీధిలో కొట్టు దగ్గర బార్ కొని, తను డాక్టరు కోసం కిందే ఆగిపోయి, "చెల్లికి పెట్టు తల్లీ" అని సుస్మిత చేతికిచ్చి పైకి పంపింది.

రెండో అంతస్తు మెట్ల మీద సుస్మిత కూర్చుంది. పొద్దున్నించీ ఎవరూ ఆమెకి అన్నం పెట్టలేదు. మూడు రోజులుగా ఆమె ఒకతె ఉన్నట్టే ఎవరికీ గుర్తులేదు. ఒక్క ముక్క అనుకుంది, తర్వాత ఇంకొక్కటి. రేపర్ మడిచి కిటికీలోంచి పారేసి, ఖాళీ చేతులతో లోపలికెళ్ళింది. "రేపు తెస్తా" అంది. చిన్ని అలగలేదు. సూది వెయ్యడానికొచ్చిన నర్సుతో, "అక్క తెస్తానంది" అని గొప్పగా చెప్పుకుంది. ఆ రేపు తెల్లవారకముందే అయిపోయింది.

"తిన్నదా?" అని తల్లి అడిగింది.

"తిన్నదమ్మా."

పదకొండో రోజున పరామర్శకొచ్చిన వాళ్ళందరికీ ఛాయాదేవి ఒకే మాట చెప్పింది, పోయేముందు నా బిడ్డ అడిగింది తినిపోయిందని. ఆ తర్వాత ఫొటోలన్నీ ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఇరవై నాలుగేళ్ళుగా ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. తండ్రి పోయాక పటమట ఫ్లాట్‌లో తల్లీ కూతుళ్ళిద్దరే మిగిలారు. ఆ ఒక్క మాట పట్టుకుని తల్లి బతుకుతోందని సుస్మితకి తెలుసు. అందుకే నిజం చెప్పలేదు. చెప్పకుండా ఉండటమూ చేతకాలేదు. తను పెట్టనిది కథలోనైనా పెట్టేస్తే బరువు దిగుతుందేమోనని ఆశపడింది.

బరువు దిగకపోగా ఊరంతా ఎక్కింది. కొత్త రేపర్లతో పాటు బెంజి సర్కిల్ నుంచి గన్నవరం ఎయిర్‌పోర్టు దాకా హోర్డింగులు వెలిశాయి. రెండు జడలు, నీలం గౌను, గౌనుకి రెండో బొత్తాం ఊడిపోయిన ఒక పాప బొమ్మ, సుస్మిత చెప్పిన గుర్తులతోనే ఏజెన్సీ ఆర్టిస్టు గీసింది, పక్కనే ఆ మాట. సిగ్నల్ దగ్గర ఆగితే ముందున్న ఆటో వెనకాల అదే. "చిన్ని తిన్నది." సుస్మిత తల పక్కకి తిప్పుకుంటే పక్కన సిటీ బస్సు మీద అదే. తన అబద్ధాన్ని తనే ఇంతింత అక్షరాలతో ఊరంతా అచ్చు వేయించుకున్న మనిషి బెజవాడలో ఇంకొకరు ఉండి ఉండరు.

ఇంకో సంగతి కూడా జరిగింది. ఒకరోజు ఆఫీసులో ఊరికే కూర్చుని చెల్లెలి ముఖం గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. ఆర్టిస్టు కిరీటి గీసిన బుగ్గలే వచ్చాయి, అతను గీసిన కళ్ళే వచ్చాయి. ఎంత వెతికినా రేపర్ మీది పాపే కనిపించింది. ఆ రోజు ఆమె బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చింది.

బార్ మాత్రం విపరీతంగా అమ్ముడుపోయింది. పామర్రు నుంచి ఒక రిటైరైన మాస్టారు ఏజెన్సీకి ఫోన్ చేసి, చిన్నికి అఆలు దిద్దించింది తనేనని చెప్పాడు. సుస్మిత నవ్వి ఊరుకుంది. జనానికి ఇలాంటివి సరదా. అప్పుడు సాయిగణేష్‌కి ఇంకో ఆలోచన వచ్చింది, ఫ్యాక్టరీలో పాత మనుషుల చేత చిన్ని గురించి నాలుగు మాటలు చెప్పించి వీడియో తీద్దామని. "చెప్పాల్సింది మీరే రాసివ్వండి" అన్నాడు. ఆమె రాసుకుని ఉయ్యూరు వెళ్ళింది.

రాసింది ఎవరికీ అవసరం పడలేదు.

నాగూర్ గారు ముప్పై ఏళ్ళు మిషన్ మీద పనిచేసి మానేసిన మనిషి. తెల్లచొక్కా వేసుకొచ్చి, కెమెరా ముందు కూర్చుని, కాగితం చూడకుండానే మొదలుపెట్టారు.

"గుర్తు లేకేమమ్మా! ఆ గుమ్మంలోనే కూర్చునేది. ముక్క ఇస్తే ఎడం చెయ్యి చాపేది. కుడిచెయ్యి పెట్టవే అని వాళ్ళమ్మ కసిరేది. అయినా ఎడంచెయ్యే."

సుస్మిత చేతిలోని కాగితం మళ్ళీ చూసుకుంది. ఎడమచేతి వాటం సంగతి ఆమె రాయలేదు. తన చెల్లెలు చిన్ని అన్నం కూడా ఎడం చేత్తోనే తినబోయి తల్లి చేత దెబ్బలు తినేది. లోకంలో ఎడమచేతి వాటం పిల్లలు బోలెడుమంది ఉంటారని తనకు తనే సర్దిచెప్పుకుంది. ముసలాయన ఏ పిల్లనో చూసి ఉంటాడు, ఆ పిల్లని తెచ్చి ఈ కథలో కూర్చోబెట్టాడు, అంతే.

తర్వాత ప్యాకింగ్ ఆడవాళ్ళ పెద్ద వీరకుమారి వచ్చింది. అరవై దాటిన మనిషి, నుదుట రూపాయంత బొట్టు. కెమెరా ముందు కూర్చోనంది. సుస్మిత చెయ్యి పట్టుకుని షెడ్డు వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ గన్నేరు చెట్టు కింద నాలుగు ఇటుకలతో చిన్న గూడు కట్టి ఉంది. పసుపు పూశారు, కుంకుమ పెట్టారు, పిల్లల గాజులు వేలాడదీశారు. గూట్లో విగ్రహం లేదు. పాలపిట్ట రేపర్ని జాగ్రత్తగా కత్తిరించి పాప బొమ్మ అంటించారు.

"కన్నెపిల్ల పోతే పేరంటాలవ్వుద్ది కదమ్మా. ఇన్నేళ్ళూ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు పాపం. మీరు బొమ్మ వేసినాకే మాకు తెలిసొచ్చింది. ప్రతి శుక్రవారం దీపం పెడుతున్నాం."

ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు. వీరమ్మ తల్లికి తిరునాళ్ళు చేసే ఊరది. మనిషిగా పుట్టిన ఆడది దేవతై కూర్చోవడం అక్కడివాళ్ళకి కొత్త కాదు. సుస్మితకే కొత్త.

"వీరకుమారి గారూ, ఆ పాప లేదండీ. కంపెనీ కోసం నేను రాశాను. కథ అది."

వీరకుమారి జాలిగా నవ్వింది. "మీరే రాశారమ్మా, కాదన్నదెవరు? మీ చేత రాయించిందెవరు?"

సుస్మిత గూట్లోని బొమ్మ వైపు చూసింది.

"నాకు కల్లోకి వచ్చిద్దమ్మా. ఒక్క నాకే కాదు, మా సెక్షన్‌లో ముగ్గురికొచ్చింది. మేం పెట్టిన బార్ ముట్టుకోదు. ఎవరి కోసం కూర్చున్నావే తల్లీ అంటే, ఒకటే మాట, 'అక్క తెస్తానంది' అంటది. దానికి అక్కెవరో మాకు అంతుపట్టలేదు. మీ కథలో ఒక్కతే కూతురని ఉంది కదా?"

సుస్మిత మిట్టమధ్యాహ్నం ఎండలో కారు దాకా నడిచింది. ఆ మాట విన్నవాళ్ళు లోకంలో ఇద్దరే, తనూ ఆ నర్సూ. కారులో కూర్చుని స్క్రిప్టు తీసి మొదటినుంచి చివరిదాకా మూడుసార్లు చదివింది. అక్క అనే మాట ఎక్కడా లేదు.

మర్నాడు సాయిగణేష్ దగ్గరికెళ్ళి, ఇది కల్పిత కథ అని రేపర్ మీద వెయ్యమని పట్టుబట్టింది. అతను కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

"ఇప్పుడెట్టా చెబుతామండీ? అందరూ కొలుస్తున్నారు. నిజం చెప్పాలంటే, మా నాయనమ్మ కూడా ఆ పాప గుర్తుందంటందండీ. నాకూ... ఏమోనండీ, ఉందేమో అనిపిస్తంది. వచ్చే శుక్రవారం వాళ్ళు పేరంటం పెడుతున్నారు. కంపెనీ తరఫున పట్టుపావడా ఇస్తున్నాం. మీరు కూడా రండి."

ఆమె వెళ్ళకూడదనే అనుకుంది. కానీ ఆ గురువారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల్లి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. ఎదురుగా ఒక పాలపిట్ట బార్. ఛాయాదేవి గడప దాటేది తక్కువ, టీవీ చూసేది అంతకన్నా తక్కువ. పాల ప్యాకెట్ కోసం కింద కొట్టుకి వెళితే కనిపించిందట.

"రెండో బొత్తాం" అంది తల్లి, బొమ్మ మీద వేలు పెట్టి. "ఆసుపత్రి నుంచి వచ్చాక కుడదామనుకున్నా. కుట్టలేదు."

సుస్మిత గోడకి ఆనుకుని నిలబడిపోయింది. అరుస్తుందనుకుంది, ఏడుస్తుందనుకుంది. తల్లి ముఖంలో అవేమీ లేవు. ఎన్నాళ్ళుగానో చూడని ఒక వెలుగు ఉంది.

"అది తిన్నదని రాశావు కదే. ఊరందరికీ తెలిసేలా రాశావు. నాకెంత బాగుందో తెలుసా? ఒక్కోసారి అనుమానమొచ్చేది, నా మనసు నిమ్మళం కోసం చెప్పావేమోనని. అబద్ధమైతే ఇంత ధైర్యంగా ఎందుకు రాస్తావులే." బార్ చేతిలోకి తీసుకుని అంది, "ఉయ్యూరులో ఎవరో గుడి కట్టారంటగా, కొట్టతను చెప్పాడు. నన్ను తీసుకెళ్ళు."

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో సుస్మితకి ఆ పూట తెలిసింది. చెబితే తల్లి పట్టుకున్న ఒక్క కొమ్మా విరిగిపోతుంది. చెప్పకపోతే, చెల్లెలు అక్కడ గన్నేరు చెట్టు కింద ఎదురుచూస్తూనే ఉంటుంది. అలాంటివి నమ్మే మనిషి కాదు తను. కానీ 'అక్క తెస్తానంది' అన్న మాట విన్న దగ్గర్నుంచి నమ్మడం, నమ్మకపోవడం తన చేతిలో లేకుండా పోయాయి.

మర్నాడు బందరు రోడ్డు మీద కారు నడుపుతూ, పెనమలూరు దాటాక చెబుదామనుకుంది. దాటింది. కంకిపాడు దాటాక అనుకుంది. అదీ దాటింది. తల్లి ఒళ్ళో సంచి పెట్టుకుని, అందులో ఏమున్నాయో చూపిస్తూ కూర్చుంది. పావలా బిళ్ళంత కుంకుమ భరిణె, నీలం రిబ్బన్లు, దారమెక్కించిన సూది, ఒక తెల్ల బొత్తాం, ఒక పాలపిట్ట. చిన్నపిల్లల బడి మొదటిరోజు సంచి సర్దినట్టు మళ్ళీ మళ్ళీ సర్దింది.

గూటి దగ్గర పాతిక మంది ఆడవాళ్ళున్నారు. వీరకుమారి ఎదురొచ్చి సుస్మిత కాళ్ళకి పసుపు రాసి, తల్లిని ముందుకి తీసుకెళ్ళింది. పావడా పెట్టారు, గాజులు పెట్టారు, పొంగలి, అరటిపళ్ళు, చాక్లెట్లు వరసగా పెట్టారు. దీపం వెలిగించి హారతిచ్చాక వీరకుమారి చుట్టూ ఉన్నవాళ్ళని చూసి నిట్టూర్చింది.

"నైవేద్యం పెడితే చాలదమ్మా. పేరంటాలికి పెట్టింది దాని తోబుట్టువు తినాలి. ఇంట్లో ఆడపిల్ల తింటేనే దానికి చేరిద్ది. మేమెవరం తిన్నా చేరట్లేదు. అందుకే ఊరికే అడుగుతా ఉంది."

"తోబుట్టువుందమ్మా" అంది ఛాయాదేవి. కూతురి రెక్క పట్టుకుని ముందుకి లాగింది. "ఇదిగో, నా పెద్దకూతురు. ఆ పిల్ల నా చిన్నకూతురు."

వీరకుమారి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఛాయాదేవి అదేమీ పట్టించుకోలేదు. తను తెచ్చిన బార్ గూట్లో పెట్టి, దణ్ణం పెట్టుకుని, తీసి, రేపర్ విప్పి కూతురి చేతిలో పెట్టింది.

"తిను."

సుస్మిత చూసింది. అదే నీలం, అదే వాసన. మెట్లమీద చల్లటి సిమెంటు, ఎక్కడో స్టవ్ మీద మరుగుతున్న సూదులు, అన్నీ ఆ వాసనలోంచి లేచొచ్చాయి. మళ్ళీ అదే చాక్లెట్ తల్లి చేతుల్లోంచి తన చేతుల్లోకి వచ్చింది. ఈసారి తననే తినమంటోంది.

"అమ్మా, అది తినలేదమ్మా" అంది.

"ఏది?"

"చిన్ని. ఆ రోజు నువ్విచ్చింది దానికి పెట్టలేదు. నేనే తినేశా. మెట్లమీద కూర్చుని మొత్తం నేనే తినేశా. దానితో రేపు తెస్తానని చెప్పా."

ఛాయాదేవి కూతురి ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆమె పెదాలు ఏదో లెక్కపెడుతున్నట్టు కదిలాయి. వెలుగు ముఖంలోంచి దిగిపోవడం సుస్మిత కళ్ళారా చూసింది.

"కడుపునిండా పంపించాననుకున్నానే" అంది తల్లి. "ఇరవై నాలుగేళ్ళు అదే అనుకున్నా."

"అమ్మా..."

"ఆకలేసిందా నీకు?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది, తనకి తానైనా వేసుకోని ప్రశ్న. ఏడుపు పొంగుకొచ్చి సుస్మిత తల ఊపింది.

ఛాయాదేవి కూతురి చేతిలోంచి బార్ తీసుకుంది. విసిరికొడుతుందని అందరూ అనుకున్నారు. ఆమె ఒక ముక్క విరిచింది.

"నోరు తెరువు."

"నేను తినలేనమ్మా."

"తినాలి. నువ్వు తింటేనేగా దానికి చేరేది. తెరువు."

ఒక్కొక్క ముక్కా విరిచి నోట్లో పెట్టింది. మంచంలో ఉన్న పిల్లకి పెట్టినట్టే, మింగిందో లేదో గొంతు వైపు చూసి, అప్పుడు ఇంకోటి పెట్టింది. సుస్మిత మింగింది. కన్నీళ్ళు, తీపి, ఉప్పు అన్నీ కలిసి గొంతు దిగాయి. ఆఖరి ముక్క అయ్యాక తల్లి చీరచెంగుతో కూతురి మూతి తుడిచింది. ఆ తుడవడంలో కోపముందో, ప్రేముందో సుస్మితకి తెలియలేదు. బహుశా ఆ చేతికీ తెలియదు.

"దానికెప్పుడూ ఆరేళ్ళే" అంది ఛాయాదేవి. "తిన్నది మర్చిపోయి మళ్ళీ అడిగిద్ది. ఏటా అడిగిద్ది. ఏటా నువ్వే రావాలి. నేనుండనీ, పోనీ."

"వస్తానమ్మా."

"నాతో కాదు. దానితో చెప్పు."

సుస్మిత గూటి వైపు తిరిగింది. పసుపు మధ్య కిరీటి గీసిన ముఖం నవ్వుతోంది. దాని వెనక ఉన్న ముఖం కోసం కళ్ళు మూసుకుని వెతికింది, ఈసారీ దొరకలేదు. పాతికమంది ఆడవాళ్ళూ, తల్లీ ఆమె ఏమంటుందో వినాలని నిలబడ్డారు. నోరు తెరిచింది. ఆ రోజు చెల్లెలితో అన్న 'తెస్తా' తప్ప ఇంకే మాటా నోటికి రాలేదు, దాన్ని మళ్ళీ అనే ధైర్యమూ రాలేదు.